ఫొటో పంపినా తేదీ, చోటు చెరగకుండా ఉండాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబ వేడుకలో నలుగురం నాలుగు ఫోన్లతో తీసిన ఫొటోలన్నింటినీ ఒకచోట చేర్చి, తీసిన వరుసలో పేర్చాలని కూర్చున్నాను. నా ఫోన్‌తో తీసినవి ఉదయం నుంచి రాత్రి వరకు గంటల వరుసలో చక్కగా నిలిచాయి. మిగిలిన ముగ్గురూ ఒక మెసేజింగ్ యాప్‌లో పంపినవి మాత్రం వేడుక ముగిసిన పది రోజుల తర్వాతి ఒకే తేదీ కింద కుప్పగా పడ్డాయి. ఏది ముందు తీసినదో, ఏది తర్వాతదో చెప్పే ఆధారం వాటిలో ఏదీ మిగల్లేదు. అసలు ఫొటోలు మళ్లీ పంపమని అడిగితే, ఫోన్‌లో ఖాళీ చాలక ఇద్దరు అప్పటికే వాటిని తొలగించేశారు. ఆ రోజు నుంచి ఫొటో అడిగే ముందు దాన్ని ఏ దారిలో పంపాలో కూడా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ దారుల్లో ఏది దేనికి పనికొస్తుందో ఇక్కడ పోల్చి చెబుతున్నాను.

యాప్‌ల పేర్లు ఎన్ని ఉన్నా, పోలికకు మూలం ఒక్కటే. కొన్ని దారులు ఫైలును ఉన్నది ఉన్నట్టుగా మోసుకెళ్తాయి. మరికొన్ని అందులోని బొమ్మను మాత్రం తీసుకొని, దాన్ని చిన్నదిగా మళ్లీ తయారుచేసి, ఆ కొత్త ఫైలును అవతలివారికి ఇస్తాయి. అలా తయారైన ఫైలు చూడటానికి అదే ఫొటోలా ఉంటుంది కానీ పాత ఫైలులోని వివరాలు సాధారణంగా దానికి అందవు. ఒకే యాప్‌లో ఒక బటన్ మొదటి పని, పక్కనున్న బటన్ రెండో పని చేయవచ్చు. కాబట్టి యాప్ పేరు చూసి నిర్ణయించుకుంటే పొరపడే అవకాశం ఎక్కువ.

ఫైలులో ఏముంటుంది, ఏది పోతుంది

ఫోన్ కెమెరా ఫొటోను దాచేటప్పుడు, బొమ్మతో పాటు తీసిన తేదీ, సమయం, ఫోన్ మోడల్, షట్టర్ వేగం, ఐఎస్ఓ, ఫోన్‌ను ఏ వైపు తిప్పి పట్టుకున్నారనే వివరం, అనుమతి ఇచ్చి ఉంటే జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు కూడా అదే ఫైలులో రాస్తుంది. ఈ రాతకు ఎగ్జిఫ్ అనే ప్రమాణం ఉంది. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో దీనిని మొదట రూపొందించింది. ఫొటోలకు ఎక్కువగా వాడే జేపెగ్ రకం ఫైలులో ఇది బొమ్మకు ముందు, ఫైలు మొదట్లోనే, దాదాపు 64 కిలోబైట్లకు మించని ఒక చిన్న భాగంలో కూర్చుంటుంది. బొమ్మను విప్పి చూపడానికి ఆ భాగంతో పని లేదు. అందువల్లే ఒక యాప్ బొమ్మను మళ్లీ తయారుచేసేటప్పుడు దాన్ని వదిలేసినా చూసేవారికి తేడా తెలియదు.

ఎగ్జిఫ్‌తో పాటు మరో రెండు పేర్లు ఎదురవుతాయి. వార్తాసంస్థలు ఫొటోలతో పాటు శీర్షిక, ఫొటోగ్రాఫర్ పేరు, హక్కుల వివరం పంపుకోవడానికి ఐపీటీసీ అనే సంస్థ రూపొందించిన క్షేత్రాలు మొదటివి. ఇలాంటి వివరాలను ఫైలులో రాయడానికి అడోబీ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతి రెండోది. 2012లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఫొటోలకు తెలుగులో వివరణ రాసుకునేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఎగ్జిఫ్‌లో బొమ్మ వివరణకు కేటాయించిన క్షేత్రం ఆంగ్ల అక్షరాల కోసం ఉద్దేశించినది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇతర లిపులకు ప్రమాణం అధికారికంగా చోటు ఇచ్చింది 2023 నాటి మూడో రూపంలోనే. ఎక్స్‌ఎంపీలో మొదటి నుంచి ఏ లిపిలోనైనా రాయవచ్చు. వివరణ తెలుగులో రాయదలిస్తే దాన్ని ఎక్స్‌ఎంపీలో దాచే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మేలు.

మరో చిక్కు కాలానికి సంబంధించినది. ఎగ్జిఫ్‌లో తీసిన సమయం స్థానిక గడియారం ప్రకారం ఉంటుంది. అది ఏ కాలమండలానిదో రాసే క్షేత్రం 2016లో వచ్చిన 2.31 రూపం వరకు ప్రమాణంలో లేదు. వీడియోల సంగతి వేరు. ఎంపీ4 ఫైలులో సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో రాయాలన్నది నియమం. ఒకే రోజు తీసిన ఫొటోలు, వీడియోలు కలిపి పేర్చినప్పుడు కొన్ని గంటల తేడాతో అటూ ఇటూ పడటానికి చాలాసార్లు ఇదే కారణం. ఆ తప్పు పంపిన దారిది కాదు.

అన్నింటికన్నా ఎక్కువ గందరగోళం కలిగించేది ఫైలు తేదీ. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ప్రతి ఫైలుకూ సృష్టించిన తేదీ, మార్చిన తేదీ అని విడిగా ఉంటాయి. వాటిని నిర్వహించేది ఆపరేటింగ్ సిస్టమ్, అవి ఫైలు లోపల ఉండవు. ఫైలును డౌన్‌లోడ్ చేసినా, కాపీ చేసినా ఆ తేదీ మారిపోవచ్చు. లోపలి ఎగ్జిఫ్ తేదీ మాత్రం ఫైలుతోనే ప్రయాణిస్తుంది. గ్యాలరీ యాప్‌లు ఎగ్జిఫ్ తేదీ ఉంటే దాన్ని, లేకపోతే ఫైలు తేదీని చూపిస్తాయి కాబట్టి, వివరాలు పోయిన ఫొటో కూడా ఒక తేదీతోనే కనిపిస్తుంది, కాకపోతే అది తప్పు తేదీ. ఖాళీగా కనిపిస్తే అనుమానం వచ్చేది, ఏదో ఒక తేదీ కనిపించడం వల్ల ఏళ్ల తరబడి ఎవరికీ ఆ అనుమానం రాదు.

పక్కనే ఉన్నవారికి: ఫోన్ నుంచి ఫోన్‌కు

ఇద్దరూ ఒకేచోట ఉంటే ఆలోచించాల్సింది పెద్దగా లేదు. రెండు ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్, రెండు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్ వాడాలి. క్విక్ షేర్ అనే పేరు మొదట శామ్‌సంగ్‌ది. గూగుల్ 2020లో నియర్‌బై షేర్ పేరుతో తెచ్చిన సౌకర్యం 2024లో దానితో కలిసి ఇప్పుడు ఒకే పేరుతో నడుస్తోంది. ఈ రెండు దారులూ నేరుగా ఫైలునే పంపుతాయి. ఇంటర్నెట్ అవసరం ఉండదు, సర్వర్ మధ్యలోకి రాదు.

అయినా ఐఫోన్‌లో ఒక మెట్టు తప్పక చూసుకోవాలి. ఫొటోను ఎంచుకొని షేర్ బటన్ నొక్కాక, తెర పైభాగంలో ఫొటోల సంఖ్య పక్కన ఆప్షన్స్ అనే చిన్న మాట కనిపిస్తుంది. 2019లో ఐఓఎస్ 13తో వచ్చిన ఈ సౌకర్యాన్ని చాలామంది ఒక్కసారైనా తెరిచి చూడరు. అందులో స్థల వివరాన్ని చేర్చాలా వద్దా అనే మీట ఉంటుంది. ఎయిర్‌డ్రాప్‌కు ఉపయోగపడే ‘ఆల్ ఫొటోస్ డేటా’ అనే మరో మీట కూడా అక్కడే ఉంటుంది. రెండోది వేస్తే అసలు ఫైలుతో పాటు చేసిన మార్పుల చరిత్ర కూడా వెళ్తుంది, అవతలివారు మార్పులను వెనక్కి తీసి మొదటి ఫొటోను చూడగలుగుతారు. కుటుంబ ఫొటోల భండారం ఒక్కరి దగ్గర చేర్చుతున్నప్పుడు నేను ఈ మీటను తప్పనిసరిగా వేయమంటాను.

ఒకరిది ఐఫోన్, మరొకరిది ఆండ్రాయిడ్ అయితే, ఒకే వైఫైలో ఉన్న పరికరాల మధ్య ఫైళ్లు పంపే లోకల్‌సెండ్ వంటి ఉచిత యాప్ రెండింటిలోనూ పనిచేస్తుంది. ఐఫోన్‌లు 2017 నుంచి ఫొటోలను జేపెగ్‌కు బదులు హెచ్‌ఈఐసీ అనే ఫైలు రూపంలో దాచడం అలవాటు చేసుకున్నాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ రూపాన్ని తెరవగలదు కాబట్టి కొత్త ఫోన్లలో ఇబ్బంది రాదు. పాత పరికరంలో తెరుచుకోకపోతే జేపెగ్‌గా మార్చుకోవచ్చు. సరైన సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే ఎగ్జిఫ్ వివరాలు కొత్త ఫైలులోకి కూడా వస్తాయి.

వందల ఫొటోలు ఉన్నప్పుడు కేబుల్‌ను మించినది లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, కెమెరా ఫొటోలు ఉండే డీసీఐఎం ఫోల్డరును అలాగే కాపీ చేసుకుంటే చాలు. ఐఫోన్ అయితే ముందుగా సెట్టింగ్స్‌లో ఫొటోస్ విభాగం చివర, మ్యాక్ లేదా పీసీకి పంపే పద్ధతి దగ్గర ‘కీప్ ఒరిజినల్స్’ ఎంచుకోవాలి. అక్కడ ‘ఆటోమేటిక్’ ఉంటే కంప్యూటర్‌ను బట్టి ఫోన్ ఫైళ్లను జేపెగ్‌గా మార్చి ఇవ్వవచ్చు. అప్పుడు తేదీ పోకపోయినా అసలు ఫైలు అనేది చేతికి రాదు.

మెసేజింగ్ యాప్‌లు: ఫొటోగా పంపడం, డాక్యుమెంటుగా పంపడం

అందరి చేతిలో ఉన్నవి ఇవే, నష్టం ఎక్కువ జరిగేదీ ఇక్కడే. వాట్సాప్‌లో గ్యాలరీ గుర్తు నొక్కి ఫొటో పంపితే అది చిన్నదవుతుంది, తీసిన తేదీ, చోటు, ఫోన్ మోడల్ వంటి ఎగ్జిఫ్ వివరాలు పోతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికను చూసి చాలామంది ఈ సమస్య తీరిందనుకుంటున్నారు. అది బొమ్మను మరింత స్పష్టంగా పంపుతుంది కానీ బొమ్మను మళ్లీ తయారుచేసే పని మానదు. పెద్దగా ముద్రించుకోవడానికి హెచ్‌డీ పనికొస్తుందేమో గానీ, తేదీని కాపాడటానికి పనికిరాదు.

ఆండ్రాయిడ్‌లో ఇలా వచ్చిన ఫొటో పేరును చూస్తే సంగతి బయటపడుతుంది. పేరులో ఏడాది, నెల, రోజు కలిసి ఎనిమిది అంకెలు, ఆ తర్వాత డబ్ల్యూఏ అనే రెండు అక్షరాలు, చివర వరుస సంఖ్య ఉంటాయి. ఆ ఎనిమిది అంకెలు ఫొటో చేతులు మారిన రోజువి. తీసిన రోజుకూ వాటికీ సంబంధం ఉండకపోవచ్చు.

అదే వాట్సాప్‌లో అటాచ్ గుర్తు నొక్కి, ‘డాక్యుమెంట్’ ఎంచుకొని, అక్కడి నుంచి ఫొటో ఫైలును పంపితే అది ఫైలుగానే వెళ్తుంది. ఒక్కో ఫైలు 2 గిగాబైట్ల వరకు ఉండవచ్చు. అందుకున్నవారికి అది బొమ్మలా తెరుచుకోకుండా ఫైలు పేరుతో కనిపిస్తుంది, సేవ్ చేసుకున్నాక గ్యాలరీలో కాకుండా డాక్యుమెంట్ల ఫోల్డరులో ఉండవచ్చు. ‘ఫొటో రాలేదు’ అని పెద్దవాళ్లు ఫోన్ చేసేది ఈ తేడా వల్లే. కాబట్టి పంపే ముందే ఒక్క మాట చెప్పి, ఎక్కడ వెతకాలో తెలియజేస్తే పని తేలికవుతుంది.

టెలిగ్రామ్‌లోనూ ఇదే కథ. ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది, ఫైలుగా పంపితే అసలుది వెళ్తుంది, ఫైలు పరిమితి ఉచిత ఖాతాకు 2 గిగాబైట్లే. ఈ రెండింటి మధ్య వాడుక సౌలభ్యంలో టెలిగ్రామ్‌కు కొంత మొగ్గు ఇస్తాను, ఎందుకంటే ఫైలుగా పంపిన ఫొటోకు కూడా అక్కడ చిన్న నమూనా బొమ్మ కనిపిస్తుంది, ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకోవడం కూడా సులువు. సిగ్నల్ సంగతి భిన్నమైనది. గోప్యతను ముఖ్యంగా పెట్టుకున్న యాప్ కాబట్టి ఫొటోల్లోని వివరాలను ఉద్దేశపూర్వకంగానే తీసేస్తుంది. చోటు తెలియకూడదనుకున్నప్పుడు అది సరైన ఎంపిక. భండారం చేర్చడానికి కాదు.

ఫొటోలు పది దాటితే నేను వాటన్నింటినీ ఒకే మూటగా కట్టే జిప్ ఫైలు చేస్తాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల ఫైల్స్ యాప్‌లలోనూ, ఐఫోన్‌లోని ఫైల్స్ యాప్‌లోనూ జిప్ చేయడం, విప్పడం రెండూ వీలవుతాయి. ఫొటోలు ఒకసారి జిప్‌లోకి వెళ్లాక మధ్యలో ఏ యాప్ కూడా వాటిని ఫొటోలుగా గుర్తించి కుదించే పని పెట్టుకోదు. పంపే దారి ఫైలును చెడగొడుతుందో లేదో తేల్చుకోలేనప్పుడు ఇదే అన్నింటికన్నా నమ్మకమైన ఉపాయం. అవతలివారికి జిప్ విప్పడం తెలిసి ఉండాలన్నదే దీనిలోని ఒకే ఒక్క షరతు.

ఆండ్రాయిడ్‌లో మరో మెలిక ఉంది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుంచి, ప్రత్యేక అనుమతి లేని యాప్ గ్యాలరీ నుంచి ఫొటోను అడిగితే, ఆపరేటింగ్ సిస్టమే స్థల వివరాన్ని తీసేసి ఫైలును అందిస్తుంది. అప్పుడు తేదీ, మోడల్ భద్రంగా ఉంటాయి, జీపీఎస్ మాత్రం ఉండదు. తేదీ చేరి, చోటు చేరకపోతే పంపిన యాప్‌ను అనుమానించే ముందు ఈ కారణాన్ని పరిశీలించాలి.

దూరంగా ఉన్నవారికి: క్లౌడ్‌లో ఫొటో సేవలు, ఫైలు సేవలు

ఎక్కువ ఫొటోలు, ఎక్కువమంది మనుషులు ఉన్నప్పుడు క్లౌడ్ తప్పదు. ఇక్కడ కూడా ఫైలును దాచే సేవలు, ఫొటోలను నిర్వహించే సేవలు అని రెండు తెగలు. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ వంటివి మొదటి తెగవి. అక్కడ పెట్టిన ఫైలును ఒక బైటు కూడా మారకుండా దించుకోవచ్చు. ఒక ఫోల్డరు తెరిచి, అందరికీ లింక్ పంపి, ఎవరి ఫొటోలు వారిని అందులో వేయమని అడగడం ఒక వేడుక ఫొటోలు సేకరించడానికి నాకు తెలిసినంతలో ఉత్తమమైన పద్ధతి. ఎవరి ఫోన్ ఏదైనా ఇబ్బంది లేదు, ఎవరి ఫొటో ఎవరికి ఎప్పుడు చేరిందనే లెక్క అవసరం లేదు.

గూగుల్ ఫొటోస్ రెండో తెగకు చెందినది, వాడటానికి ఎంతో సుఖమైనది. అయితే దానిలో మూడు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది నాణ్యత ఎంపిక. ‘ఒరిజినల్ క్వాలిటీ’ ఎంచుకుంటే అసలు ఫైలు నిలుస్తుంది. ‘స్టోరేజ్ సేవర్’ ఎంచుకుంటే ఫొటో కుదింపుకు గురవుతుంది, 16 మెగాపిక్సెళ్లకు మించినది ఆ పరిమాణానికి తగ్గుతుంది, తేదీ వంటి వివరాలు మాత్రం ఉంటాయి. 2021 జూన్ 1 నుంచి రెండు రకాల ఫొటోలూ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలోనే లెక్కకు వస్తాయి, ఆ చోటులోనే మెయిల్, డ్రైవ్ కూడా ఉంటాయి. చోటు కోసం నాణ్యత తగ్గించుకోవాలా అన్నది ఎవరి పరిస్థితిని బట్టి వారిది. పిల్లల చిన్ననాటి ఫొటోలకైతే తగ్గించవద్దనే చెబుతాను.

రెండోది స్థల వివరం. పంచుకున్న ఆల్బమ్ ఎంపికల్లో ఫొటోల స్థలాన్ని చూపాలా వద్దా అనే మీట విడిగా ఉంటుంది. అది వేసి లేకపోతే అవతలివారికి చోటు అందదు.

మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది మోసపోయేది కూడా. తప్పు తేదీ ఉన్న పాత ఫొటోకు గూగుల్ ఫొటోస్‌లో తేదీ సరిచేసినా, చోటు జోడించినా, వివరణ రాసినా, ఆ సవరణ సేవ తన పుస్తకంలో రాసుకుంటుందే తప్ప ఫైలు లోపల రాయదు. గూగుల్ టేకౌట్ ద్వారా అన్నీ దించుకున్నప్పుడు ఒక్కో ఫొటో పక్కన జేసన్ అనే చిన్న ఫైలు వస్తుంది, సవరణలన్నీ అందులో ఉంటాయి. ఆ జేసన్ ఫైళ్లను అనవసరమైన చెత్త అనుకొని తొలగిస్తే, వందల గంటలు కూర్చొని సరిచేసిన తేదీలు వాటితో పాటే పోతాయి. ఒక సేవ నుంచి మరో సేవకు మారబోయేవారు ఈ ఫైళ్లను చివరి వరకు జాగ్రత్తగా ఉంచుకోవాలని మరీమరీ కోరుతున్నాను.

ఆపిల్ వైపు పేర్లు దగ్గరదగ్గరగా ఉండి తికమక పెట్టేవి రెండున్నాయి. షేర్డ్ ఆల్బమ్ పాతది. అందులో పెట్టిన ఫొటో పొడవు వైపు 2048 పిక్సెళ్లకు తగ్గుతుంది, అంటే అవతలివారికి దొరికేది నకలే. చూసి సంతోషించడానికి అది చాలు, భండారానికి చాలదు. 2022లో ఐఓఎస్ 16.1తో వచ్చిన షేర్డ్ ఫొటో లైబ్రరీ వేరు. అందులో నిర్వాహకుడితో పాటు మరో ఐదుగురి వరకు ఒకే భండారాన్ని పంచుకోవచ్చు, అసలు ఫొటోలే అందరికీ అందుబాటులో ఉంటాయి, ఖర్చయ్యే చోటు దాన్ని మొదలుపెట్టినవారి ఖాతాలో లెక్కకు వస్తుంది. ఇంటిల్లిపాదీ ఐఫోన్లు వాడేవారికి నేను సూచించేది ఇదే. ఒక్కసారి పంపడానికైతే ఐక్లౌడ్ లింక్ ఉంది, అది 30 రోజులు పనిచేస్తుంది. కాబట్టి అందుకున్నవారు ఆలోగా దించుకోవాలి.

ఈమెయిల్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. జోడించిన ఫైలు మారదు, జీమెయిల్‌లో మొత్తం 25 మెగాబైట్ల పరిమితి ఉంటుంది. ఐఫోన్ మెయిల్ పంపే ముందు పరిమాణం అడిగితే ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకోవాలి. నాలుగైదు ఫొటోలకు ఇది చక్కని దారి, పైగా పంపిన తేదీ, ఎవరు పంపారన్నది మెయిల్‌లోనే నమోదై ఉంటాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ వంటి సామాజిక మాధ్యమాల నుంచి ఫొటో దించుకొని భండారంలో చేర్చడం మాత్రం అసలు లెక్కలోకి తీసుకోకూడదు. అవి చూపేది తిరిగి తయారుచేసిన నకలు. స్క్రీన్‌షాట్ కూడా అంతే, దాని తేదీ తెరను పట్టిన క్షణానిది.

చోటును ఎవరికి ఇవ్వాలి

తేదీని కాపాడటంలో వెనకాడాల్సిందేమీ లేదు. చోటు విషయంలో మాత్రం ప్రతిసారీ ఆలోచించాలి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చోటును చూపగలదు కాబట్టి, ఇంట్లో తీసిన ఒక్క ఫొటో చాలు, ఇల్లు ఎక్కడో తెలిసిపోవడానికి. 2012 డిసెంబరులో, పరారీలో ఉన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకఫీ ఫొటోను ఒక పత్రిక ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు, ఆ ఫైలులో మిగిలిపోయిన జీపీఎస్ వివరాలు ఆయన గ్వాటెమాలాలో ఉన్నారని అందరికీ తెలియజేశాయి. ఫొటోను ఫైలుగా పంపే దారి ఎంచుకున్న ప్రతిసారీ ఆ వివరాలు కూడా పొల్లుపోకుండా వెళ్తాయని గుర్తుంచుకోవాలి. యాప్‌లు వివరాలను తుడిచేయడం మన వంటివారికి నష్టమే అయినా, తెలియనివారికి అదే రక్ష.

అందుకే కుటుంబానికి పంపేటప్పుడు తేదీ, చోటు రెండూ, పరిచయస్తులకు తేదీ మాత్రమే, బహిరంగంగా పెట్టేటప్పుడు ఏదీ లేకుండా పంపడం నా పద్ధతి. వస్తువు అమ్మకానికి పెట్టే ప్రకటనల్లోని ఫొటోలు, పిల్లల బడి దగ్గర తీసినవి ఈ మూడో వరుసలోనే ఉండాలి. ఐఫోన్‌లో ముందు చెప్పిన ఆప్షన్స్ మీట తీసేస్తే చోటు వెళ్లదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల గ్యాలరీలు కూడా పంపే సమయంలోనే స్థల వివరం తొలగించే ఎంపిక చూపిస్తాయి. కెమెరాకే స్థల అనుమతి పూర్తిగా తీసేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. దానితో నేను ఏకీభవించను. పంపేటప్పుడు తొలగించడం ఎప్పుడైనా సాధ్యమే, తీసే క్షణంలో రాయని చోటును తర్వాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫొటో చూసేవారికి అది ఏ ఊరో చెప్పేది ఆ అంకెలే.

పంపాక సరిచూసుకోవడం, పోయినదాన్ని తిరిగి రాయడం

ఏ దారి ఎంచుకున్నా, మొదట ఒక్క ఫొటో పంపి చూడాలి. యాప్‌లు తమ పద్ధతులు మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి, పోయిన ఏడాది పనిచేసినది ఈ ఏడాది కూడా పనిచేస్తుందన్న హామీ లేదు. అందుకున్నవారి ఫోన్‌లో ఫొటో తెరిచి పైకి జరిపితే, లేదా ఐ గుర్తు నొక్కితే తేదీ, కెమెరా మోడల్ కనిపిస్తాయి. కెమెరా మోడల్ కనిపించకుండా తేదీ ఒక్కటే కనిపిస్తే, అది ఫైలు తేదీ అయి ఉండే అవకాశం ఎక్కువ. విండోస్‌లో ప్రాపర్టీస్ తెరిచి డీటెయిల్స్ చూడవచ్చు. రెండు వైపులా ఫైలు పరిమాణం చివరి బైటు వరకు సమానంగా ఉంటే, ఫైలు మారలేదని దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. పూర్తి రుజువు కావాలంటే ఫైలులోని బైట్లన్నింటి నుంచి లెక్కకట్టే ఎస్‌హెచ్‌ఏ-256 అనే విలువలను రెండు వైపులా పోల్చాలి, ఒక్క బైటు మారినా అవి కలవవు. ఈ పరీక్ష అయ్యేదాకా అసలు ఫొటోలను పంపినవారు తమ ఫోన్‌లోంచి తొలగించకూడదు. నా విషయంలో జరిగిన నష్టమంతా ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వల్లనే.

వివరాలు ఇప్పటికే పోయిన ఫొటోలకు, ఫిల్ హార్వీ 2003 నుంచి అభివృద్ధి చేస్తూ ఉచితంగా అందిస్తున్న ఎగ్జిఫ్‌టూల్ ఉత్తమ సాధనం. ఫైలు పేరులోని అంకెలను తేదీగా చదివి వందల ఫొటోల ఎగ్జిఫ్‌లో ఒకేసారి రాయగలదు, టేకౌట్ ఇచ్చిన జేసన్ ఫైళ్లలోని తేదీలనూ తీసి ఫొటోల్లోకి చేర్చగలదు. ఆదేశాలు టైపు చేసి నడపాలి కాబట్టి మొదటిసారి కొంత ఓపిక కావాలి, ముందుగా ఫొటోల నకలు తీసుకొని ఆ నకలు మీదనే ప్రయత్నించాలి. పేరులోని తేదీ పంపిన రోజుదే అయినప్పుడు, ఫొటో తీసిన రోజునే మరొకరు తమ ఫోన్‌తో తీసిన ఇతర ఫొటోల సమయాన్ని ఆధారంగా పట్టుకొని సరిచేసుకోవచ్చు. నేను ఆ వేడుక ఫొటోలకు అలాగే చేశాను. నా ఫొటోల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకుంటూ, మిగిలిన ముగ్గురు పంపినవాటికి గంట అటూ ఇటుగా సమయం రాశాను. అది అంచనాగా రాసిన సమయమని ప్రతి ఫైలు వివరణ క్షేత్రంలో తెలుగులో ఒక వాక్యం కూడా చేర్చాను, రేపు ఆ భండారం తెరిచేవారు నా అంచనాను కెమెరా రాసిన సమయం అనుకోకుండా ఉండేందుకు.